పూలబుట్ట పెట్టే చోటు

ఆవిడ దగ్గర ఎప్పుడూ ఒక లీటరు నీళ్ళ సీసా ఉండేది. ఆ సీసాలో నీళ్ళు ఆవిడ తాగగా నాలుగేళ్ళలో నేను ఒక్కసారి కూడా చూడలేదు. మూతకి మేకుతో చిల్లులు పొడిచి ఉండేవి. పావుగంటకోసారి సీసా తలకిందులు చేసి పూల మీద చల్లేది, మళ్ళీ పక్కన పెట్టేసేది.

రాజమండ్రిలో గోదావరి గట్టు మీద, రేవు మెట్లకి పైన, పిట్టగోడకి ఆనుకుని ఆరుగురు ఆడవాళ్ళు వరసగా కూర్చుని పూలు అమ్ముతారు. ఆ వరసలో చివరావిడ దగ్గరే నేను కొనేదాన్ని. మాట కరుకు గానీ మూర కొలిస్తే ధర్మంగా ఉంటుంది. కడియపులంక నుంచి పూలు తెల్లారేసరికే వచ్చేస్తాయి. అప్పట్నుంచి భోజనాల వేళ దాటేదాకా ఆవిడ ఆ చోటు వదిలేది కాదు. మహా అయితే సీసా నింపుకోడానికి ఎదురుగా ఉన్న టీకొట్టు దాకా వెళ్ళి, చూపు బుట్ట మీదే పెట్టి వచ్చేసేది. అన్ని గంటలు మనిషి అలా ఎలా కూర్చోగలదో నాకు అర్థమయ్యేది కాదు. నేను ఆటో కోసం కూడా ఒకచోట నిలబడలేను, దానికి ఎదురు నడుస్తాను. మా అత్తగారు నన్ను కాలు కాలిన పిల్లి అంటారు. అందులో అబద్ధమేమీ లేదు.

ఒక వేసవిలో ఆవిడ పది రోజులు కనబడలేదు. తిరిగి వచ్చేసరికి మనిషి సగమైపోయింది. ఏమైందని అడిగితే మూత్రంలో ఇన్ఫెక్షనట, చలిజ్వరమట, కిడ్నీలో రాళ్ళట.

"నీళ్ళు బాగా తాగాలన్నారండి డాక్టరు గారు. ఆపుకోకూడదంట. ఇంకోపాలి ఇలాగొస్తే కిడ్నీ పోద్దన్నారు," అంది. ఎవరో పక్కింటావిడ సంగతి చెబుతున్నట్టు చెప్పింది. చేతులు మాత్రం దండ కడుతూనే ఉన్నాయి.

"మరి తాగవేం అక్కా? సీసా పక్కనే పెట్టుకుని!" నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది.

"ఇయ్యి పూలకండి. నేను తాగితే ఎక్కడికెళ్ళమంటారు?"

గట్టు చివర, ఆవిడ కూర్చునే చోటికి పదిహేను అడుగుల దూరంలో, పాత మరుగుదొడ్డి ఒకటి ఉండేది. దాని తలుపులు ఎప్పుడో పోయాయి, వాసన మాత్రం పోలేదు. ఆవిడ అటు చూడను కూడా చూడలేదు. నేను ఆర్కిటెక్టుని. ఇరవయ్యేళ్ళుగా ఈ చుట్టుపక్కల ఇళ్ళూ, కల్యాణ మండపాలూ గీస్తున్నాను. దూరం సైటుకి వెళ్ళాల్సిన రోజున పొద్దున్నే కాఫీ మానేస్తాను. సగం లేచిన మూడంతస్తుల మేడ మధ్య నిలబడి, ఇంత కొంపలో నాకంటూ వెళ్ళే చోటు లేదే అని పళ్ళు కొరుక్కున్న రోజులు ఎన్నో ఉన్నాయి. ఆ రోజు ఆఫీసుకి వెళ్ళాక ఏ ప్లాను మీదా నా బుర్ర నిలవలేదు.

ఆ తరవాత కొన్నాళ్ళకి భీమవరం వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చారు. రొయ్యల చెరువులున్న ఆసామి, ఆయన ఇల్లు గీసింది నేనే. భార్య పోయి ఏడాదైందని చెప్పారు.

"మా ఆవిడకి గోదావరి స్నానమంటే ప్రాణమండి. కానీ ఇక్కడికి రావాలంటే ముందురోజు సాయంత్రం నుంచీ మంచినీళ్ళు ముట్టేది కాదంట. ఆ సంగతి హాస్పిటల్లో చెప్పిందండి నాకు. ముప్ఫయ్యేళ్ళు కారులో పక్కనే కూర్చున్నాను, నాకు తెలీదు చూడండి." కాసేపు నా బల్ల మీది స్కేలు అటూ ఇటూ జరిపారు. గట్టు చివరి ఆ పాతదాన్ని పడగొట్టి ఆడవాళ్ళకి మంచి మరుగుదొడ్డి కట్టించాలని ఆయన కోరిక. అనుమతి కూడా తెచ్చుకున్నారు.

"బోర్డు మీద ఆవిడ పేరు రాయిద్దామా అండి?" అన్నాను.

"నాకైతే రాయించాలనే ఉందండి. మావాళ్ళే పడనివ్వట్లేదు. దొడ్డి మీద ఇల్లాలి పేరేంటని నవ్వుతున్నారు. గుడికి ఫ్యానిస్తే రెక్కరెక్కకీ పేరు రాయించుకునేవాళ్ళేనండి, వాళ్ళు కూడా!" అన్నారు. నవ్వబోయి మానేశారు.

ఇక నన్ను పట్టుకునేవాళ్ళు లేరు. గీయడం, చింపడం, మళ్ళీ గీయడం. చిన్న కట్టడమే, మొత్తం కలిపి మా ఆఫీసు గదికి రెండింతలు ఉంటుందేమో. కల్యాణ మండపానికి కూడా నేను అంత కంగారు పడలేదు. మూడు గదులు పెట్టాను. మోకాళ్ళ నొప్పులవాళ్ళ కోసం ఒకదాంట్లో ఎత్తు సీటు, పక్కన పట్టుకోడానికి కడ్డీ. పగలు లైటు అక్కర్లేకుండా, బయటివాళ్ళ కంటికి అందని ఎత్తులో, గోదావరి గాలి దూరేలా ఇటుకల జాలీ. నీళ్ళు నిలవకుండా గచ్చుకి వాలు. వేళ్ళు వంకర్లుపోయిన ముసలావిడ కూడా లాగగలిగే గడియ కోసం నాలుగు కొట్లు తిరిగాను. అన్నిటికంటే నేను మురిసిపోయింది ప్రతి గదిలోనూ గోడకి దింపిన రాతి బల్లని చూసి. సామాను చేత్తో పట్టుకుని ఆడది ఎంత అవస్థ పడుతుందో నాకు తెలుసు. అందుకే ఒకరోజు టేపు పట్టుకెళ్ళి పూలావిడ బుట్ట అడ్డం, నిలువు కొలిచాను.

"దేనికండి?" అంది ఆవిడ.

"చెప్తాలే, చూస్తావుగా," అన్నాను.

బల్ల బిగించేటప్పుడు మా మేస్త్రి తాపీ ఆపాడు. నాతో పదేళ్ళుగా పనిచేస్తున్నవాడు. "అమ్మగారూ, బుట్ట లోపలికా అండి?" అన్నాడు.

"గీసినట్టు పెట్టు."

"ఆయ్," అన్నాడు. అతను అనే ఆయ్‌లో సగం అలాగేనని, సగం మీ ఖర్మ అని. నేను మొదటి సగమే విన్నాను.

అయింది. అందరూ మెచ్చుకున్నారు. స్నానాలకి వచ్చిన ఆడవాళ్ళు వరసకట్టి వెళ్ళారు. ఒకావిడ గుమ్మం బయట చెప్పులు విప్పి, లోపలికి చెప్పులతో వెళ్ళొచ్చా అని అడిగిందని శుభ్రం చేసే అమ్మాయి చెబితే, నాకు రెండు రోజులు కాళ్ళు నేల మీద ఆనలేదు. మూడో రోజుకి ఆనాయి. పూలవాళ్ళ వరసలోంచి ఒక్కరూ లేవలేదు. పొద్దున్న వెళ్ళి చూశాను. పదకొండింటికి ఏదో పనున్నట్టు అటుగా వెళ్ళి చూశాను. ఒంటిగంటకి అన్నం మధ్యలో లేచి వెళ్ళి చూశాను. ఆవిడ అక్కడే, అలాగే కూర్చుని ఉంది. చిల్లుల మూత సీసా, పూల మీద చల్లడం, పక్కన పెట్టడం. వారం చూశాను. ఇక పట్టలేకపోయాను.

"ఏంటక్కా ఇది? పదిహేను అడుగుల్లో కట్టించి పెడితే తొంగి కూడా చూడవా? ఎవరి కోసం కట్టాననుకున్నావు?"

ఆవిడ దారం తెంపి తలెత్తింది. "నాకోసమా అండి?"

"కాకపోతే! నీ బుట్ట కొలిచి మరీ బల్ల పెట్టించాను."

"చూశానండి. మొదటిరోజే వెళ్ళి చూసొచ్చాను, గుమ్మం దాకా. చాలా బాగుంది." నవ్వకుండా అడిగింది. "దొడ్లోకి వెళ్ళొచ్చిన పూలు దేవుడికి ఎలా ఇత్తానండి?"

నా చూపు బుట్ట మీదికి పోయింది.

"పోనీ బుట్ట ఇక్కడే వదిలేసి వెళ్దామంటే మేకలున్నాయి. పక్కావిడ చూత్తాదనుకోండి, ఆవిడ బేరం ఆవిడకుండదా? నాకు బుట్ట కళ్ళ ముందుండాలండి. వచ్చాక కాళ్ళు కడుక్కోకుండా పూలు ముట్టుకోను. కుళాయేమో లోపలే పెట్టారు. కడుక్కున్న కాళ్ళతో మళ్ళీ ఆ గచ్చు తొక్కుకునే రావాలి కదండీ." ఇంత చెప్పి మళ్ళీ దండ అందుకుంది. "కొలిచిననాడు అడిగుంటే చెప్పేదాన్ని."

అయ్యో రామ! పుట్టిన దగ్గర్నుంచీ పూజలున్న ఇంట్లో పెరిగినదాన్ని. పూలు ఎడమచేత్తో అందుకుంటే మా అమ్మ వేళ్ళ మీద కొట్టేది. నాకు తెలియక కాదు. పట్నం పత్రికల్లో హ్యాండ్‌బ్యాగు పెట్టుకునే బల్ల చూసి, దాని మీద పూలబుట్ట పెట్టేశాను. ఆరోజు ఇంటికి నడిచే వెళ్ళాను, దారిపొడుగునా నన్ను నేనే తిట్టుకుంటూ.

బల్లలు పీకించాను. "నేనప్పుడే అన్నానండి," అన్నాడు మేస్త్రి. "అనలేదు, అడిగావంతే," అని కసిరాను. బయట, గుమ్మం పక్కనే, నడుమెత్తున ఒక అరుగు కట్టించి మీద నీడకి చిన్న కప్పు వేయించాను. లోపల చేతులు కడుక్కునే చోట కంటికి సరిగ్గా అందేలా గోడలో జాలీ తీయించాను, అందులోంచి చూస్తే అరుగు మీది బుట్ట కనబడుతుంది. గుమ్మం బయట పల్లంగా ఒక కుళాయి, కింద రాయి, కాళ్ళకి.

ఆవిడ వచ్చింది! మొదటిసారి బుట్ట అరుగు మీద పెట్టి, గుమ్మంలోకి వెళ్ళి, రెండుసార్లు వెనక్కి వచ్చి బుట్ట చూసుకుని, మూడోసారి వెళ్ళింది. రోడ్డు అవతల టీకొట్టు దగ్గర నిలబడి చూస్తున్న నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, చెప్పుకోడానికి సిగ్గేముంది. నీళ్ళు తాగడం మాత్రం ఇంకా మొదలుపెట్టలేదు. "ఇన్నేళ్ళ అలవాటు కదండీ, నోరు తెరుచుకోవద్దా? మెల్లిగా," అంది.

ఆ వారంలోనే శుక్రవారం వచ్చింది. అత్తగారి పూజకి వేళవుతోందని పరిగెత్తుకుంటూ గట్టు మీదకి వచ్చాను. ఆవిడ చోటు ఖాళీ, బుట్ట అరుగు మీద ఉంది. ఆవిడ గుమ్మంలోంచి వచ్చి, కుళాయి తిప్పి, కాళ్ళు మడమల దాకా రుద్ది కడుక్కుని, సబ్బుతో చేతులు కడుక్కుని, తడి పాదాలతో బుట్ట తెచ్చుకుని కూర్చుంది. రెండు మూరల మల్లెపూలు కొలిచి ఆకులో పెట్టి నా వైపు చాపింది.

నా చెయ్యి ఆగిపోయింది.

రెప్పపాటే. ఆ గోడ గీసింది నేను, ఆ కుళాయి పెట్టించింది నేను, ఆ సబ్బు కొన్నది నేను. ఆవిడ కడుక్కున్నంత శుభ్రంగా నేను ఎన్నడూ కాళ్ళు కడుక్కోలేదు. అయినా దేవుడి పూల ముందు నా చెయ్యి ఆగింది. ఆగినట్టు ఆవిడ చూసింది.

"పక్కావిడ దగ్గర తీసుకోండమ్మా," అంది. కోపం లేదు ఆ గొంతులో. ఉంటే బాగుండేది.

"ఛ, అదేం లేదు," అని ఆకు లాక్కుని వచ్చేశాను. అత్తగారు ఆ పూలే దేవుడికి పెట్టి హారతిచ్చారు. నేను కళ్ళకద్దుకున్నాను కూడా. దేవుడితో నాకు పేచీ ఏమీ రాలేదు.

మర్నాటి నుంచి ఆవిడ లేవడం మానేసింది. అరుగు ఖాళీగా ఉండిపోయింది. నేను పలకరిస్తే పలికేది, పూలు ఇచ్చేది, అంతకంటే ఒక్క మాట ఎక్కువ లేదు. రెండు వారాలు గడిచేసరికి మాల కడుతూ కడుతూ ఒక చేత్తో నడుం పక్కన అదిమి పట్టుకోవడం చూశాను. "నొప్పా?" అంటే, "వాతమండి," అంది. డాక్టరు చెప్పిన మాట ఇద్దరికీ గుర్తుంది. ఇంకోసారి వస్తే కిడ్నీ పోతుంది. ఆవిడ కోసం తెరిపించిన తలుపు నా చేత్తో నేనే మూసేశాను. మా ఇంట్లో ఆ రోజుల్లో నాతో ఎవరూ ఎక్కువ మాట్లాడలేదు. ఏం మాట్లాడినా కరిచేదాన్ని. లోకం మీద కోపం, కొనేవాళ్ళ మీద కోపం. అన్నీ అయ్యాక తిరిగి తిరిగి నా దగ్గరికే వచ్చేది ఆ కోపం. కట్టినదాన్ని నాకే చెయ్యి ఆగితే, రేవులో స్నానం చేసి తడిబట్టలతో వచ్చే ముసలమ్మకి నేనేం పాఠం చెబుతాను?

ఒకరోజు టీకొట్టు బల్ల మీద కూర్చున్నాను. కూర్చున్నానంటే, లేస్తూ కూర్చుంటూ ఉన్నాను. ఆవిడ సీసా పట్టుకుని రోడ్డు దాటి వచ్చింది, నా పక్క నుంచే వెళ్ళి నీళ్ళు పట్టుకుంటోంది. ఈలోగా పూల కోసం వచ్చిన ఒక జంట నింపాదిగా నిలబడి ఉన్నారు. "వస్తన్నానండి, నీళ్ళకెళ్ళాను," అంది ఆవిడ ఇక్కణ్ణుంచే గట్టిగా. వాళ్ళు తలూపారు. చేతిలో సీసా ఉన్న ఆడదాన్ని ఎక్కడికెళ్ళావని ఎవరూ అడగరు. నేను టీ డబ్బులు ఇవ్వడం కూడా మరిచిపోయి లేచాను. కొట్టతను వెనకాల నుంచి పిలిచాడు.

ఆ మధ్యాహ్నమే పెద్దాయనకి ఫోను చేశాను. గుమ్మం రోడ్డు వైపు ఉండకూడదు. ముందు ఒక అడ్డగోడ కడదాం, దాని వెనక ఒక చిన్న సందు. సందులోకి వెళ్తే ఎడమచేతి వైపు మరుగుదొడ్డి, కుడిచేతి వైపు, మధ్యలో నిండు గోడతో, వేరే కప్పు కింద, మంచినీళ్ళ కుళాయిలు. కాళ్ళు కడుక్కునే చోటు అడ్డగోడ వెనకే. బుట్టల అరుగు సందు మొదట్లో, లోపల ఎటు నిలబడినా కనబడేలా. సందులోకి వెళ్ళిన మనిషి ఎటు తిరిగిందో రోడ్డు మీదవాళ్ళకి తెలియదు. ఊపిరి తీసుకోకుండా అంతా చెప్పాను. మళ్ళీ పడగొట్టడమా అని విసుక్కుంటారనుకున్నాను.

"మంచినీళ్ళకైతే మా ఆవిడ పేరు పెట్టొచ్చు కదండీ," అన్నారు. "ఎవరూ నవ్వరు."

మేస్త్రి ఈసారి ముందే అడిగాడు. "దొడ్డి పక్కన మంచినీళ్ళు ఎవరు తాగుతారండి?" నేను కసరలేదు. కూర్చోబెట్టి అడిగాను, ఎంత దూరమైతే నువ్వు తాగుతావని. అతను అడుగులు వేసి చూపించాడు. సందు నేను గీసినదానికంటే ఆరడుగులు పొడుగైంది. పూలవాళ్ళు ఆరుగురినీ పిలిచి నేల మీద సున్నంతో గీతలు గీయించి నడిచి చూడమన్నాను. మా పూలావిడ మాత్రం రాలేదు. తన చోటు నుంచే చూసింది.

కుళాయిలు తిప్పిన మర్నాడు పొద్దున్నే వెళ్ళి ఆవిడ ఎదురుగా గొంతుక్కూర్చున్నాను.

"అక్కా, ఆ శుక్రవారం నా చెయ్యి ఆగింది. తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోతున్నాను."

ఆవిడ మరువం రెమ్మలు విడదీస్తోంది. "ఎవరికైనా ఆగుద్దండి. మా కోడలు దొడ్లోంచి వచ్చి బుట్ట మీద చెయ్యేత్తే నేనూ అరుత్తాను. మీరు అరవలేదు, అంతే," అంది. అని నా మొహంలోకి చూసి, ఆ వేసవి తరవాత మొదటిసారి నవ్వింది.

"సీసా ఖాళీ అయినట్టుంది," అన్నాను.

ఆవిడ సీసా చూసింది, సందు చూసింది. "మీరు కూర్చుంటారా? మీరేం కూర్చోగలరు!"

"కూర్చుంటాను, వెళ్ళు."

వెళ్ళింది. ఆవిడ గోనెపట్టా మీద కూర్చున్నాను. గోడ మొహాన పెద్దాయన ఇల్లాలి పేరు కొత్త రంగులో మెరుస్తోంది. ఒకావిడ తడి చీరతో మెట్లెక్కి వచ్చి ఆగింది. "పూలావిడేదమ్మా?"

"మంచినీళ్ళకి వెళ్ళిందండి," అన్నాను.

"ఆహా," అని ఆవిడ జుట్టు పిండుకుంటూ నిలబడింది. నాకు లేచి తిరగాలని ప్రాణం కొట్టుకుంటోంది. లేవలేదు. దండలో దారం కొస పట్టుకుని అలాగే కూర్చున్నాను.

నిండు సీసాతో ఆవిడ వచ్చింది. పాదాలు కొంగుతో తుడుచుకున్నట్టుంది, పొడిగా ఉన్నాయి. నేను జరిగి చోటిచ్చాను. వచ్చినావిడకి మూర కొలిచి ఇచ్చింది. కొన్నావిడ కళ్ళకద్దుకుని వెళ్ళిపోయింది. తరవాత నాకు రెండు మూరలు కొలిచి, మీద ఒక జానెడు వదిలి, ఆకు చాపింది. రెండు చేతులూ పట్టాను. లోపల ఏదో ఆగబోయిందేమో కూడా, నేను ఆగనివ్వలేదు.

ఆవిడ అది చూసి, తన చోట్లో సర్దుకుని కూర్చుంది. సీసా ఒళ్ళో పెట్టుకుంది. చిల్లుల మూత విప్పి పక్కన పెట్టి, సీసా ఎత్తి తాగడం మొదలుపెట్టింది. మెడ మీద నుంచి నీళ్ళు జాకెట్టులోకి కారుతున్నా ఆపలేదు. సగం సీసా అయ్యాక మూత బిగించి, మిగిలినవి పూల మీద చల్లింది.